ఉయ్యాలలు నిద్రపోయిన దీవి

అనగనగా నాగమల్లిపురాన్ని ఏలే ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు అంటానని కాచుక్కూర్చున్నారు కదూ? కాదు, ఈ రాజుకు ముగ్గురే. పెద్దవాడు జయంతుడు, నడిమివాడు వసంతుడు, చిన్నవాడు సుమంతుడు. రాజు పేరు ఉదయవర్మ.

ఉదయవర్మకు ఏ లోటూ లేదు. పాడీ పంటా ఉన్నాయి, కోటా పేటా ఉన్నాయి, చెప్పిన మాట జవదాటని కొడుకులున్నారు. అయినా ఒకనాటి ఉదయం అద్దం చూసుకుంటే మీసంలో ఒక తెల్ల వెంట్రుక కనబడింది. దాన్ని పీకించాడు. వారం తిరక్కుండా పక్కనే రెండు మొలిచాయి. ఆ రెండూ పీకిస్తే నాలుగు మొలిచాయి. అప్పటినుంచి రాజుకు అన్నం సయించలేదు. సభలో కూర్చున్నా మీసమే, వేటకు వెళ్ళినా మీసమే. "ముసలివాణ్ణయిపోతున్నాను. ముసలివాణ్ణయితే పోతాను" అని ఒకటే బెంగ. పుట్టినవాడు గిట్టక తప్పదని మీకు కూడా తెలుసు. రాజులకు మాత్రం తమదాకా వస్తే తప్ప తెలియదు.

ఆ సంగతి తెలిసి ఓడ సరంగు ఒకడు వచ్చాడు. "మహారాజా, ఏడు సముద్రాల అవతల పచ్చలదీవి ఉంది. అక్కడ అజరుడనే మాంత్రికుడున్నాడు. మూడొందల ఏళ్ళవాడు, కాని చూస్తే ఇప్పుడిప్పుడే నూనూగు మీసాలు వస్తున్న కుర్రాడిలా ఉంటాడట. వాడి దగ్గర ముసలితనం రాని మందు ఉందట" అని చెప్పాడు.

రాజు పెద్దకొడుకును పిలిచాడు. "నాన్నా, మీకోసం ఆ మాత్రం చేయలేనా?" అని జయంతుడు ఓడ ఎక్కాడు. మళ్ళీ రాలేదు. రాజు రెండోకొడుకును పిలిచాడు. "మీకోసం, అన్నయ్యకోసం వెళ్తాను" అని వసంతుడు ఓడ ఎక్కాడు. వాడూ రాలేదు. తల్లి తిండి మానేసి సముద్రంవైపు చూస్తూ కూర్చుంది. రాజు మూడోకొడుకును పిలిచి, "నువ్వయినా తెస్తావా?" అన్నాడు.

"ఏం తేవాలి నాన్నా?" అని అడిగాడు సుమంతుడు.

"ఏమిటంటావేమిట్రా? మందు!"

సుమంతుడు, "నేను అన్నయ్యల కోసం వెళ్తున్నాను. వాళ్ళు దొరికితే తీసుకొస్తాను. మందు సంగతి ఆ తర్వాత" అన్నాడు. అని, అమ్మ కాళ్ళకు దండం పెట్టి గుర్రమెక్కి బయల్దేరాడు.

రేవు చేరాలంటే అడవి దాటాలి. అడవిలో పెద్దవాన కురిసింది. వరదనీరు ఒక చీమలపుట్టను ముంచుతుంటే సుమంతుడు తన తలపాగా విప్పి, ఆ గుడ్డ ఒక కొస పుట్టమీద, ఇంకో కొస రాతిమీద వేశాడు. చీమలు గుడ్లు నోట కరుచుకుని వంతెన దాటినట్టు బారులు బారులుగా దాటాయి. అన్నిటికన్నా చివర ఒక లావుపాటి చీమను చుట్టూ పొదువుకుని తీసుకొచ్చాయి.

"ఆవిడెవరు?" అని అడిగాడు సుమంతుడు.

"మా అమ్మ. మీ నాన్నకు పట్టాభిషేకం జరిగిన ఏడు మా అమ్మకు పెళ్ళయింది. ఒక్కసారి రెక్కలతో ఆకాశంలోకి ఎగిరింది. దిగగానే రెక్కలు తనే విరిచేసుకుని నేలలోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఎండ ఎరగదు, పిట్టకంట పడలేదు. ఇదిగో, మళ్ళీ ఇవ్వాళే బయటికి రావడం" అంది ఒక చీమ.

"మరి నీ వయసెంత?"

"నేనా? పోయిన వానాకాలం పుట్టాను. వచ్చే వానాకాలానికి ఉంటే ఉంటాను, లేకపోతే లేదు. బయట తిరిగేదాన్ని కదా, ఏ పిట్ట ముక్కుకో, ఏ కాలికిందో పోతాను."

"ఒకే ఇంట్లో ఇంత తేడానా? అన్యాయం కదూ?" అన్నాడు సుమంతుడు.

"రాజకుమారా, తూచుకుంటూ కూర్చునే తీరిక మాకు లేదు. కాస్త ఆ గుడ్డు ఇటందించు" అంది చీమ. పని అయ్యాక, సాయానికి సాయం చేస్తామంటూ ఒక దండు అతని సంచిలో బియ్యం మూటలోకి ఎక్కి కూర్చుంది.

మరికొంత దూరం పోయాక సుమంతుడి గుర్రం కాలు ఒక చెదపుట్టలో దిగబడింది. పుట్ట పగిలింది. లోపల మెత్తటి తెల్లటి చెదపురుగులు ఎండ తగిలి అల్లాడిపోతున్నాయి. సుమంతుడు దిగి, తన గొడుగు వాటికి అడ్డంపెట్టి, వాగులోంచి బురద తెచ్చి పుట్ట మెత్తాడు. మెత్తుతుంటే లోపల ఒక గది కనబడింది. ఆ గదిలో బొటనవేలంత రాణి, ఆమె పక్కన చిన్న రాజు.

"వీళ్ళిద్దరూ ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు?" అన్నాడు.

"మాకు లెక్క తెలీదు నాయనా, మాకు కళ్ళు కూడా లేవు. ఈ అడవి మొక్కలుగా ఉన్నప్పటి నుంచీ ఉన్నారని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మా అమ్మ క్షణం ఆగకుండా గుడ్లు పెడుతూనే ఉంటుంది" అంది ఒక చెదపురుగు.

"మనుషుల్లో కాన్పు కాన్పుకూ తల్లి ఒళ్ళు నలిగిపోతుందే!"

"మా ఇంట్లో అలా కాదు. అమ్మకు తిండి పెట్టేది మేం, ఒళ్ళు తుడిచేది మేం, పిల్లల్ని పెంచేది మేం. పిల్లల్ని కనడమొక్కటే ఆమె పని. నలగాల్సిందేదో మేమందరం పంచుకుని నలుగుతాం" అంది చెదపురుగు. తర్వాత అవి కూడా ఒక దండుగా బయల్దేరి అతని వెంట వచ్చాయి. తమ తిండికి ఒక ఎండుదుంగ ఎక్కించుకోమన్నాయి. "దుంగ తినండి కాని, నడిసముద్రంలో పడవ మాత్రం తినకండర్రా" అని సుమంతుడు వాటిచేత ఒట్టు పెట్టించుకున్నాడు.

అడవి చివర మాడువాసన వచ్చింది. తేనె కోసం ఎవరో కాగడా పెట్టి ఒక పట్టును సగం కాల్చి పోయారు. పట్టులోపల ఉండే లేత ఈగలన్నీ మాడిపోయాయి. మేతకు పోయి తిరిగొచ్చిన ముసలి ఈగలు మాత్రం మిగిలాయి. రెక్కలు చిరిగి, ఒంటిమీద నూగు రాలిపోయి, దారి కూడా సరిగ్గా గుర్తులేనట్టు తడుముకుంటూ తిరుగుతున్నాయి. సుమంతుడు మిగిలిన పట్టు జారిపడకుండా పుల్లలు కట్టి, గాలి తగలకుండా ఆకులు కప్పి, వాటికి కాపలాగా అక్కడే ఆగిపోయాడు.

అలా ఉన్న రోజుల్లో అతను ఒక వింత చూశాడు. రెక్క బాగా చిరిగిన ఈగ ఒకటి మేతకు పోవడం మానేసి పట్టులోపలికి వెళ్ళింది. అక్కడ గదుల్లో ఇంకా బతికి ఉన్న పిల్లపురుగులు తిండికోసం నోళ్ళు తెరుస్తున్నాయి. ఈగ వాటికి తిండి పెట్టడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా దారి తడుముకున్న ఈగ నాలుగు రోజులు గడిచేసరికి చురుగ్గా తిరగసాగింది.

"ఏం తిన్నావు? నీకు ఈ ప్రాణం ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగాడు సుమంతుడు.

"తినలేదు నాయనా, పెట్టాను" అంది ఈగ. "మాకు పుట్టగానే ఇంటిపని. పిల్లలకు పెట్టే పాలలాంటిది ఒకటి మా ఒంట్లో ఊరుతుంది. అది ఊరినంతకాలం మాకు ముసలితనం దగ్గరికి రాదు. తర్వాత అది ఇంకిపోతుంది, బయటి పనికి పోతాం. బయటికి పోయామా, ఎండా గాలీ, చిరుగులూ మరపూ, మూడు వారాల్లో ముగిసిపోతాం. ఇప్పుడు ఇంట్లో చేసేవాళ్ళు లేక, పిల్లలు ఆకలితో ఉంటే నేను వెనక్కి తిరిగాను. ఇంకిపోయాయనుకున్న పాలు మళ్ళీ ఊరాయి."

"అయితే రెక్క కూడా బాగయిందా?"

"చిరిగిన రెక్క చిరిగినట్టే ఉంది. అది మాత్రం రాదు."

"వాళ్ళు నీ పిల్లలా?"

"నా చెల్లెళ్ళు. అయినా ఆకలేసిన నోటిని నువ్వెవరి పిల్లవని అడుగుతామా?"

"మరి మీ అమ్మ ఏళ్ళ తరబడి బతుకుతుందంటారే. మీ ఆయుష్షు తనే తినేస్తుందా?"

ఈగకు కోపమొచ్చింది. రెక్కలు టపటపలాడించింది. "ఎవరు చెప్పారు నీకు? అమ్మ గుడ్డూ నా గుడ్డూ ఒకటే. పెట్టిన తిండి వేరు, చేసే పని వేరు. ఆమె రోజంతా గుడ్లు పెట్టకపోతే మేమెక్కడ? మా ఇంట్లో ఊరికే కూర్చుని తినేవాళ్ళు వేరే ఉన్నారు, పోతుటీగలని. మేత కరువయిందంటే మొట్టమొదట వాళ్ళనే గడప అవతలికి నెడతాం" అంది. ఆ పట్టులోని ఈగలు కొన్ని, మేమూ వస్తాం పదమంటూ రేవులో అతను ఎక్కిన ఓడ తెరచాపకొయ్యకు వేలాడాయి.

సరే, ఏడు సముద్రాలు దాటాడు. ఉప్పుసముద్రం, చెరకురసం సముద్రం అని అన్నీ చెప్పుకుంటూ పోతే మీరు నిద్రపోతారు. దాటాడు. చెదపురుగులు మాట నిలబెట్టుకున్నాయి, దుంగ తిన్నాయి కాని పడవ తినలేదు.

పచ్చలదీవిలో దిగగానే సుమంతుడు నిర్ఘాంతపోయాడు. కొండనిండా ముసలివాళ్ళే. నడుములు వంగిపోయినవాళ్ళు, పళ్ళూడినవాళ్ళు, అందరి నెత్తినా ఒక్కో గంప. ముళ్ళపొదల్లో దూరి ఏవో ఆకులు కోసి గంపల్లో వేస్తున్నారు. ఒక్కడూ కూర్చోలేదు. ఒక్క పిల్లవాడు కూడా ఎక్కడా కనబడలేదు.

ఎదురుగా ఒక ముసలాయన వచ్చాడు. ఆ ముఖం చూసి సుమంతుడు పరుగెత్తాడు. "నాన్నా! మీరెప్పుడొచ్చారు?" అన్నాడు.

ముసలాయన గంప దించకుండానే కళ్ళు చికిలించి చూశాడు. "నాన్ననా? ఒరేయ్ సుమంతూ, నేనురా. జయంతుణ్ణి" అన్నాడు.

అవును, పెద్దన్నయ్య. తండ్రికన్నా ముసలివాడయిపోయిన అన్నయ్య. సుమంతుడు అన్నను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తుంటే అన్న భుజంమీదుగా ఇంకొకాయన వస్తూ కనబడ్డాడు. ఆయనే వసంతుడు.

"ఇంటికి పోదాం పదండి. అమ్మ తిండి మానేసింది" అన్నాడు సుమంతుడు.

"ఇంకెంతరా, కాస్త ఆగు" అన్నాడు జయంతుడు. "గంప నిండిన రోజున మందు ఇస్తానన్నాడు అజరుడు. చూడు, ఇంకో నాలుగు ఆకులు పడితే నిండుతుంది. మందు పుచ్చుకుంటే నేనూ మునుపటిలా అవుతాను. ఈ ముఖంతో, ఒట్టిచేతులతో ఇంటికెలా వస్తాను?"

నాలుగు ఆకులు పడ్డాయి. గంప నిండలేదు. మరో నాలుగు పడ్డాయి. నిండలేదు. అది నిండే గంప కాదు. కాని దీవిలో ఎవరినడిగినా అదే మాట, ఇంకో నాలుగు ఆకులు పడితే చాలని. అందరూ మందుకోసం వచ్చినవాళ్ళే. పనికి వెళ్ళిన ప్రతిరోజూ వాళ్ళ ఒంటిలోంచి కొంత ఆయుష్షు పోతోంది. అది అజరుడికి చేరుతోంది. వాడేమో కొండ నడుమ గుహలో పరుపుమీద పడుకుని, గడప దాటకుండా, వాళ్ళు తెచ్చిన పాలు తాగుతూ, ఆకుల రసం రాయించుకుంటూ నిగనిగలాడుతున్నాడు.

అన్నలను వదిలి రాలేక సుమంతుడు కూడా గంప ఎత్తుకున్నాడు. మొదటిరోజే మోకాళ్ళు నొప్పెట్టాయి. కొన్నాళ్ళకు కణతల దగ్గర జుట్టు నెరిసింది. ఒకరోజు వాగు దగ్గర పాలకుండ మోసుకొస్తున్న ఒకామె కనబడితే, "అవ్వా, కాసిని నీళ్ళు పోస్తావా?" అన్నాడు.

"ఎవర్రా నీకు అవ్వ? నాకింకా ఇరవై నిండలేదు!" అని ఆమె కస్సుమంది. ఆ తలనిండా తెల్లజుట్టు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. ఆమె పేరు కేతకి. ఏదో సముద్రపు ఒడ్డు ఊరిపెద్ద కూతురు. మంచాన పడ్డ తల్లికి మందు తీసుకెళ్దామని వచ్చి ఇక్కడే చిక్కుకుపోయింది. అజరుడికి పూటపూటా పాలు మోయడం ఆమె పని.

తప్పయిందని సుమంతుడు చేతులు జోడించాడు. ఆమె నవ్వింది. నవ్వితే మటుకు ఆమె వయసు తెలిసిపోయింది.

"వాడి ప్రాణం ఏ చిలకలోనయినా దాచాడేమో చూశావా?" అని అడిగాడు సుమంతుడు.

"చిలకలా! ఇప్పటి మాంత్రికులు చిలకల్లో ఎందుకు దాస్తారయ్యా? ప్రతి కథలోనూ వచ్చి వాటి మెడలు విరిచేస్తున్నారుగా. గుహంతా వెతికాను, ఒక్క ఈక కూడా లేదు. కాని ఒక్క సంగతి చెప్తాను. పాలు నోటికి ఆనించేముందు పూటపూటా ఒకటే అడుగుతాడు. ఉయ్యాల ఇల్లు సద్దుమణిగే ఉందా అని. మణిగే ఉందంటే తాగుతాడు."

"ఉయ్యాల ఇల్లు ఏమిటి?"

కేతకి కొండవెనక ఒక ఇల్లు చూపించింది. కిటికీలు లేవు, ఒక పెద్ద చెక్కతలుపు మాత్రం ఉంది. ఈ దీవిలో ఎవరికి బిడ్డ పుట్టినా అజరుడు, 'పని చెడుతుంది, బిడ్డను నేను చూసుకుంటాను' అని తీసుకుపోయి ఆ ఇంట్లో మంత్రం వేసి నిద్రపుచ్చేవాడు. పిల్లలు అలాగే పెరగకుండా నిద్రపోతున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు గంపలు మోసీ మోసీ ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు.

సుమంతుడు గంప దించి ఒక రాతిమీద కూర్చున్నాడు. "కేతకీ, వీడు తేనెపట్టును చూసి నేర్చుకున్నాడు" అన్నాడు. "కాని తప్పుగా నేర్చుకున్నాడు. పట్టులో అమ్మ కూర్చుని పిల్లల ఆయుష్షు తింటుందనుకున్నాడు. అందుకే తను గడప దాటడు. మీచేత బయటిపని ఒక్కటే చేయిస్తాడు. ఇంటిపని అంటూ ఏదీ మిగలకుండా పిల్లల్ని నిద్రపుచ్చాడు. వెనక్కి తిరిగి సాకడానికి ఒక్క నోరయినా ఉంటే మీరు మళ్ళీ కోలుకుంటారని వాడికి తెలుసు. వాడి ప్రాణం ఆ నిద్రలో ఉంది."

వెంటనే ఓడ దగ్గరికెళ్ళి చీమలకూ చెదపురుగులకూ సంగతి చెప్పాడు. చెదపురుగులు ఆ చెక్కతలుపుకు పట్టాయి. కొండలు కదిలించేవాడు కూడా ఆపలేని పని అది. తెల్లారేసరికి తలుపు పొట్టుపొట్టుగా రాలింది. లోపల వరసగా ఉయ్యాలలు. ఒక్కో ఉయ్యాలలో ఒక్కో బిడ్డ, దుమ్ములో, పిడికిలి బిగించుకుని, ఊపిరి ఉందో లేదో తెలియనంత నిద్రలో. సుమంతుడు పిలిచాడు, కదలలేదు. కేతకి చప్పట్లు కొట్టింది, కదలలేదు. అప్పుడు చీమలు బియ్యం మూటలోంచి దిగి, ఉయ్యాల తాళ్ళమీదుగా ఎక్కి, ఒక్కో పాదాన్నీ చటుక్కున కుట్టాయి.

మొదటి బిడ్డ కెవ్వుమంది. రెండోది, మూడోది, తర్వాత అన్నీ. అబ్బ, ఆ ఏడుపు! కొండ దద్దరిల్లింది. మూడొందల ఏళ్ళుగా ఆ దీవిలో అంత చప్పుడు వినబడలేదు.

గంపల వాళ్ళందరూ పరుగెత్తుకొచ్చారు. వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. "ఎవరి పిల్లలు వీళ్ళు?" అన్నాడొకడు. "మా పిల్లలు కారు" అంది ఒకామె. "పొద్దెక్కుతోంది, గంప నిండాలి" అని జయంతుడు వెనుదిరిగాడు. సుమంతుడు గబగబా వెళ్ళి ఒక బిడ్డను ఎత్తుకున్నాడు. బిడ్డ ఇంకా గట్టిగా ఏడ్చింది.

"అలా కాదయ్యా పట్టుకునేది! మెడకింద చెయ్యి పెట్టు" అని కేతకి కేకలేసి బిడ్డను తన చేతుల్లోకి తీసుకుంది. పక్కన పాలకుండ ఉంది, అజరుడికి పోవలసిన కుండ. ఆమె ఒక్క క్షణం ఆ కుండను చూసింది, బిడ్డ నోరు చూసింది. చీరకొంగు చించి పాలలో ముంచి బిడ్డ నోట పెట్టింది. బిడ్డ చప్పరించింది. చప్పరిస్తుండగానే కేతకి చేతుల వణుకు ఆగిపోయింది. వంగిన వీపు నిటారయింది. చూస్తున్నవాళ్ళు నోళ్ళు తెరిచి, "అద్దం తెండి, ఈమెకు చూపిద్దాం" అన్నారు.

"నాకు అద్దం అక్కర్లేదు. ముందు మీరొచ్చి ఎత్తుకోండి, ఇంకా చాలామంది ఏడుస్తున్నారు" అందామె.

అప్పుడు కదిలారు. ఒక్కొక్కరే గంపలు దించారు. ఒకడు పాలు కాచాడు, ఒకామె నీళ్ళు పోసింది, ఒక పళ్ళూడిన తాత వచ్చీరాని జోలపాట అందుకున్నాడు. జయంతుడు కాళ్ళమీద ఒక బిడ్డను పడుకోబెట్టుకున్నాడు. బిడ్డ అతని బొటనవేలు పట్టుకుంది. జయంతుడి ముఖంలో ముడతలు ఒకటొకటే సర్దుకున్నాయి. కంటిచూపు తేటపడింది. కాని జుట్టు మటుకు తెల్లగానే ఉంది. ఎవరి జుట్టూ నల్లబడలేదు. చిరిగిన రెక్క రాదని ఈగ ముందే చెప్పింది కదా.

గుహలో అజరుడికి పూట తప్పింది. పాలు రాలేదు. ఆకుల రసం రాలేదు. ఏడుపు మాత్రం వినబడుతోంది. పిలిచాడు, ఎవరూ పలకలేదు. ఇక చేసేది లేక మూడొందల ఏళ్ళకు మొదటిసారి గడప దాటాడు. ఎండ తగలగానే చర్మం వడిలింది. గాలి తగలగానే జుట్టు రాలింది. ఉయ్యాల ఇంటికి చేరేసరికి పాకుతూ వచ్చాడు. గుమ్మం దగ్గర తేనెటీగలు గుంపుకట్టి జుమ్మంటూ అడ్డుకున్నాయి. అవి పోతుటీగలను చూసిన చూపే వాణ్ణీ చూశాయి.

"నాకూ ఒక బిడ్డనివ్వండి" అని అజరుడు మూలిగాడు.

"ఛీ, పామును తొక్కినట్టు తొక్కండి వాణ్ణి" అన్నాడు వసంతుడు. సుమంతుడు కేతకివైపు చూశాడు. ఆమె ఆలోచించింది. "ఎత్తుకుంటానన్నవాణ్ణి కాదనకూడదు" అని, ఈగలను పక్కకు తప్పుకోమని చెప్పి, తన చేతుల్లోని బిడ్డను వాడి ఒళ్ళో పెట్టి, తను పక్కనే కూర్చుంది.

అజరుడు బిడ్డను పట్టుకున్నాడు. పట్టుకుని బిడ్డముఖం చూడలేదు, తన చేతులు చూసుకున్నాడు. "ఎంత తగ్గింది? ముడతలు పోయాయా? అద్దం తెండి, ఎవరయినా అద్దం తెండి" అన్నాడు. బిడ్డ జారిపోతోంది. కేతకి చటుక్కున అందుకుంది. వాడి చేతులు అలాగే ఖాళీగా చాపి ఉండిపోయాయి. ఊపిరి ఆగిపోయింది. ఎవరూ వాడిమీద చెయ్యి చేసుకోలేదు.

ఎవరి ఊళ్ళకు వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని ఓడలెక్కారు. దారిలో కేతకి ఊరు తగిలింది. తల్లి ఇంకా ఉంది. కేతకి మందు లేదని చెప్పి ఏడిస్తే, "నువ్వొచ్చావుగా" అందావిడ. అక్కడే సుమంతుడు కేతకిని పెళ్ళాడాడు. పెళ్ళికూతురికి తెల్లజడ, పెళ్ళికొడుక్కి నెరిసిన కణతలు. ఊరివాళ్ళు చెవులు కొరుక్కున్నారు, వాళ్ళిద్దరికీ ఏమీ పట్టలేదు.

నాగమల్లిపురం రేవులో రాజు కాచుకుని ఉన్నాడు. ఓడ ఆగీ ఆగకముందే, "మందు తెచ్చారా?" అన్నాడు.

ముగ్గురు కొడుకులు దిగి వరసగా నిలబడ్డారు. రాజు ముగ్గురినీ చూశాడు. పెద్దవాడి తల తనకన్నా తెలుపు. నడిమివాడి తల తనకన్నా తెలుపు. తల్లి పరుగెత్తుకొచ్చి జయంతుడి తల రెండు చేతులతో పట్టుకుని, ఆ తెల్లజుట్టు నిమురుతూ నిలబడిపోయింది.

"మీ తలలకు ఏమయిందిరా?" అన్నాడు రాజు.

"మీ మీసంకోసం వెళ్ళాం కదా నాన్నా" అన్నాడు జయంతుడు. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట రాజుకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఉదయవర్మ రేవులో, జనం అందరిముందూ, కూలబడి ఏడ్చాడు. "తిన్నది నేనురా. కూర్చుని మీ ఏళ్ళు తిన్నాను" అన్నాడు.

ఆ ఏడే కిరీటం సుమంతుడికి పెట్టాడు. అన్నలిద్దరూ దగ్గరుండి పెట్టించారు. ఉదయవర్మ ఆ తర్వాత అద్దం చూసుకోలేదు, చూసుకునే తీరికా లేదు. ఓడలో వచ్చిన పసివాళ్ళలో ఒక గడుగ్గాయి ఆయన మీసం పట్టుకుని లాగితే తప్ప నిద్రపోయేవాడు కాదు. అలా చాలాకాలం బతికి, ఒకరోజు ఆ పిల్లవాడికి బువ్వ తినిపించి, చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. బాధపడ్డారు కాని, ఎన్నేళ్ళున్నాడని ఎవరూ లెక్క వేయలేదు.

సుమంతుడూ కేతకీ చాలాకాలం రాజ్యం చేశారు. వాళ్ళ రాజ్యంలో పల్లెలోనయినా పట్నంలోనయినా బిడ్డ ఏడిస్తే ఎవరి బిడ్డ అని అడగకుండా ఎవరో ఒకరు ఎత్తుకునేవారు.

కథ పట్టుకు చేరింది, తేనె మీకు దక్కింది. ఇక లేవండి, ఆ చంటిది ఎంతసేపటినుంచి ఏడుస్తోంది, వినబడటంలా?